అరవై ఎనిమిది చుట్లు

కావలి ట్రంకు రోడ్డులో మాది మోటార్లు చుట్టే కొట్టు.
కాలిపోయినవన్నీ బయట వరసగా కూచోనుంటాయి
ఆసుపత్రి వరండాలో మాదిరి.

ఒక్కో కాయిల్‌కి అరవై ఎనిమిది చుట్లు.
అరవై ఏడు కాదు, డెబ్భై కాదు.
చేత్తో తిప్పే మిషను. దాని లెక్క చూపే పళ్లచక్రం
ఎప్పుడో నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది.
అప్పట్నుంచీ లెక్కంతా నా తలకాయలోనే.

తలకాయలో ఏముండేదో చెప్తా వినండి:
నలభై ఒకటి, నలభై రెండు,
పిల్లదాని వ్యాను ఫీజు,
నలభై మూడు,
మా బామ్మర్ది పెళ్లిపందిట్లో అన్న మాట
(ఆరేళ్ల కిందటిది, ఇంకా వేడిగానే ఉంది),
నలభై నాలుగు,
జేబులో ఫోను ఒక్కసారి వణికి ఊరుకుంది,
ఎవరై ఉంటారు,
నలభై ఐదో, ఆరో,
గ్యాసు బండ,
ఏడో.

రాగి తీగకి ఇవేవీ తెలియవు.
ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లే తిరుగుతుంది.

పోయినేడు ముసురు రోజుల్లో
ఇస్కపల్లి రొయ్యల గుంట మోటారు ఒకటి అట్లాగే చుట్టి పంపా.
మూడో రాత్రి అది కాలింది.
గుంటలో చక్రాలు ఆగినాయి.
గాలి చాలక రొయ్యలన్నీ నీళ్ల మీదికొచ్చి
తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లగా.

మాలకొండయ్య మోటారుని మోపెడ్‌కి కట్టుకొచ్చాడు.
తిట్టలేదు.
"ఎన్ని చుట్లు తిప్పినావు అబ్బయా?" అన్నాడు,
నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టు.
ఇద్దరం కూచుని మాడిన తీగ విప్పి లెక్కపెట్టాం.
యాభై తొమ్మిది.
ఆయన ఇంకోసారి లెక్కపెట్టాడు.
యాభై తొమ్మిదే.

నాకు పని నేర్పిన దస్తగిరి మేస్త్రీకి ఇప్పుడు చూపానదు.
పోయి ఆయన మంచం పక్కన కూచున్నా.
తెల్లారి నాలుక్కి లెయ్యమంటాడనుకున్నా,
కళ్లు మూసుకుని శ్వాస గమనించమంటాడనుకున్నా.
"చాక్‌పీసు కొనుక్కో," అన్నాడు.

అప్పట్నుంచీ తాళం తియ్యకముందు
షట్టరు మీద రాస్తా.
వ్యాను ఫీజు పదకొండు వందలు.
గ్యాసు.
అమ్మ కళ్లజోడు, కుడి కాడ.
బామ్మర్ది.
రాసి, వంగి, ఒక్క ఊపున పైకెత్తుతా.
గడగడా అన్నీ చుట్టుకుని పైకి పోతాయి.
పగలంతా నా నెత్తికి జానెడు పైన
డ్రమ్ములో పడుంటాయి.
పోయినట్టు కాదు. చుట్టిపెట్టినట్టు.
ఫోను వార్నిష్ డబ్బాల వెనక.

మొదటి వారం సిగ్గేసింది.
ఎదురు బట్టల కొట్టు కుర్రాళ్లు పైకే చదివేవాళ్లు.
రెండో వారం మర్చిపోయా, ఒకటి కాదు, మూడు రోజులు.
మూడో వారం ఒక పొద్దున వచ్చి చూస్తే
గ్యాసు పక్కన ఎవరో టిక్కు పెట్టున్నారు.
టీ బంకు సుబ్బరత్నమ్మ గ్లాసులు కడుగుతానే అంది:
"నేనే చెప్పినాలే గ్యాసోడికి.
రోజూ అదే ముక్క చదవలేక చస్తా ఉండా."

బామ్మర్దిని మాత్రం రోజూ రాసే పని లేదు.
పాతదే ఉండేది, రాపిడికి పల్చబడతా.
ఒక గట్టి వాన కురిసిన తెల్లారి చూస్తే
చివరక్షరం కొట్టుకుపోయి
బామ్మ మిగిలింది.
నడిరోడ్డు మీద, తాళంచెవి చేతిలో పట్టుకుని,
ఒక్కణ్ణే నవ్వుతా నిలబడ్డా.

లెక్క ఇప్పటికీ తప్పుతుంది.
నిన్న యాభై రెండు దగ్గర
చేపల లారీ ఒకటి హారన్ కొట్టింది.
మునుపైతే మూడో నాలుగో అనేసుకుని తిప్పేసేవాణ్ణి.
మిషను వెనక్కి తిప్పా.
తీగంతా ఊడొచ్చి ఒళ్లో పడింది, వెచ్చగా.
మళ్లీ ఒకటి నుంచి.

సాయంత్రం డబ్బాల వెనక ఫోను తీస్తే
పదకొండింటికే మాలకొండయ్య పంపిన వాయిస్.
మాటలేం లేవు.
గుంటలో చక్రాలు నీళ్లు కొడుతున్న చప్పుడు, పదిహేను సెకన్లు.

లెక్కపెట్టకుండా విన్నా.